నాలుగు దారాల పొట్లాలు

"కడుపులో సాఫీగా లేనివాళ్ళు ఒకసారి చేతులెత్తండి," అంది శ్రీరమ్య.

అడిగేసింది గానీ ఆ పిల్ల ముఖం ఎదురుగా ఉన్న మిరపకాయల గుట్టలాగే ఎర్రబడిపోయింది. రేకుల షెడ్డు కింద బారులు తీరి కూర్చున్న ఆడవాళ్ళు ముచ్చికలు ఒలుస్తున్న చేతులు ఆపి ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ముందుగా నజీరా కదిలింది. ముక్కుకీ నోటికీ అడ్డంగా కట్టుకున్న పాత చీర ముక్కని గడ్డం కిందికి లాగి, చెయ్యి పైకెత్తింది.

"నన్ను రాసుకో పాపా. నా కడుపు సమ్మెలో కూర్చుని చాలా కాలమైంది."

షెడ్డంతా ఒక్కసారి నవ్వు. ఆ నవ్వు వెనకాలే దగ్గు. మిరప ఘాటులో నోరు తెరిచి నవ్వితే దగ్గు తప్పదు మరి. నవ్వుతూ, దగ్గుతూ, కళ్ళు తుడుచుకుంటూ ఒక్కొక్కళ్ళే చేతులెత్తారు. కాసేపటికి ఎత్తని చెయ్యి వెతుక్కోవాల్సి వచ్చింది.

శ్రీరమ్య ఇంతమందిని అనుకోలేదు. హోం సైన్సు కాలేజీలో పీజీ చదువుతోంది. ఊరు మార్టూరు. తండ్రి అక్కడే రాళ్ళ పాలిషింగ్ యూనిట్లో పని చేస్తాడు. చదువు పూర్తవ్వాలంటే ఏదో ఒక పరిశోధన చెయ్యాలి గనక, ప్రత్తిపాడు దాటాక రోడ్డు పక్కనున్న నాగేంద్రబాబు గోడౌనుకి వచ్చి, పనికి అడ్డం రానని మాటిచ్చి, ఈ మార్చి నెలంతా ఇక్కడ తిరగడానికి అనుమతి సంపాదించింది.

"మన పేగుల్లో కంటికి కనపడని జీవులు కోట్ల కొద్దీ ఉంటాయండి," అని మొదలుపెట్టింది. "వాటిల్లో మనకి మేలు చేసేవి చాలా ఉంటాయి. మనం తిన్నదాంట్లో పీచు మనకి అరగదు. అది కిందికి దిగి వాటికి మేతవుద్ది. అవి బలంగా ఉంటే మన పేగులూ బలంగా ఉంటాయి. కానీ పీచుల్లో చాలా రకాలు. ఏది ఎట్టా పనిచేసుద్దో పక్కపక్కన పెట్టి చూడటమే నా పని."

"అంటే నా కడుపులో గొడ్లచావిడి ఉందంటావ్," అంది నజీరా ఆలోచిస్తూ. "పాపం, ఇన్నాళ్ళూ వాటిని పస్తు పెట్టా."

పక్కనే కూర్చున్న వెంకటరావమ్మ మోచేత్తో పొడిచింది. "నీ చావిట్లో గొడ్లకి నోరు కూడా ఎక్కువే అయ్యుంటదిలే."

శ్రీరమ్య సంచిలోంచి పొట్లాలు తీసింది. నాలుగు రకాలు. తెలియడానికి నాలుగు రంగుల దారాలు కట్టింది. తెల్లదారంది ఇసబ్‌గోల్ పొట్టు. పచ్చదారంది నానబెట్టి ఎండబెట్టి దంచిన మెంతుల పొడి. ఎర్రదారంది గోరుచిక్కుడు గింజల్లోంచి తీసిన జిగురు పొడి. నీలం దారంది కాఫీపొడిలో కలిపే చికోరీ వేరు నుంచి తీసిన తెల్లటి పిండి. చీటీలు తీస్తే నజీరాకి తెల్లదారం వచ్చింది. వెంకటరావమ్మకి నీలం. అందరిలోకీ పెద్దదైన మౌలాబీకి పచ్చదారం.

"తెల్లదారం వాళ్ళు జాగ్రత్తగా వినండి. ఇది నీళ్ళు పీల్చుకుని జిగురులా ఉబ్బుద్ది. పెద్ద గ్లాసుడు నీళ్ళలో కలిపి తాగి, పైన ఇంకో గ్లాసు తాగాలి. మిగతావాళ్ళు కూడా నీళ్ళు బాగా పట్టించండి."

"అట్టాగే," అన్నారందరూ, బళ్ళో పిల్లల్లా.

మధ్యాహ్నం అన్నాలప్పుడు నజీరా టిఫిన్ గిన్నె మూతలో పొట్టు పోసి, గొంతు తడిసేపాటి నీళ్ళు చిలకరించి, వేలితో కలిపి హల్వాలా నాకేసింది. అటు పక్క మౌలాబీ మెంతిపొడి పెరుగన్నంలో కలుపుకుంది. ఎవరూ వరండాలో ఉన్న మంచినీళ్ళ బిందె దగ్గరికి పోలేదు. అది ఎవరూ ఎవరికీ నేర్పిన సంగతి కాదు. పొద్దున్నే ట్రాలీ ఆటో ఎక్కి వచ్చి కూర్చున్నాక మళ్ళీ చీకటి పడేదాకా నాలుక తడుపుకోవడమే గాని తాగడం ఉండదు. కొత్తగా పనిలోకి వచ్చిన పిల్లలు కూడా వారం తిరిగేసరికి పెద్దవాళ్ళని చూసి అట్టాగే అలవాటు పడతారు. శ్రీరమ్య అప్పుడు షెడ్డు ఆ చివర ఎర్రదారం వాళ్ళకి జవాబులు చెప్పుకోలేక అవస్థ పడుతోంది.

మూడోనాటికి గోడౌను రంగు మారింది.

ముందు వెంకటరావమ్మ దగ్గర మొదలైంది. తాలు కాయలు ఏరి పక్కన పడేస్తూ ముందుకి వంగిందో లేదో, కింద నుంచి చీర చిరిగినట్టు చప్పుడు. అందరూ తలలెత్తారు. వెంకటరావమ్మ ఏమీ ఎరగనట్టు కాయలు ఏరుకుంటోంది. ఈలోగా ఆ చివరినుంచి ఇంకోటి. అదీ నీలం దారమే. ఎవరో కిసుక్కుమన్నారు. ఆ తర్వాత ఆపడం ఎవరి తరం కాలేదు.

"ఏం పిండిచ్చావే తల్లీ," అంది వెంకటరావమ్మ నడుం పట్టుకుని నవ్వుతూ. "లోపల పెళ్ళి చేస్తన్నారు. సన్నాయి ఆగట్లా."

"అదీ... చికోరీ పిండిని మీ కడుపులో జీవులు గబగబా తినేస్తాయండి. తిన్నప్పుడు గాలి పుట్టుద్ది. అలవాటయ్యేదాకా కొంచెం కొంచెంగా తీసుకోవాలి. రేపటినుంచి సగమే ఇస్తా."

"సగం వద్దు. బావుంది. నా మొగుడు రాత్రి వసారాలోకి పోయి పడుకున్నాడు. నాకు మంచమంతా మిగిలింది."

పచ్చదారం వాళ్ళది ఇంకో కథ. మెంతుల వాసన చెమటలోకి దిగింది. గుమాస్తా జక్రయ్య కాయలు కుక్కిన టిక్కీ బస్తాలు లెక్క చూసుకుంటూ మౌలాబీ పక్కనుంచి పోతూ ఆగి, ముక్కు ఎగబీల్చి, "ఎవరే పోపు పెడతన్నది?" అని చుట్టూ చూశాడు. మౌలాబీ పళ్ళులేని నోటితో, "నేనే బాబూ, నన్నే తాలింపేశారు," అంది. ఎర్రదారం వాళ్ళు మాత్రం తమకి అన్నం తక్కువ సరిపోతోందనీ, కడుపులో ఏదో మెత్తగా కూర్చున్నట్టుందనీ చెప్పారు. శ్రీరమ్య సాయంత్రం పూట ఒక్కొక్కరి పక్కన గొంతుకూర్చుని చెవిలో అడిగేది. వాళ్ళు నలుగురికీ వినపడేలా చెప్పేవాళ్ళు. ఎవరికి అయింది, ఎవరికి కాలేదు, రాయిలా వచ్చిందా, మెత్తగా వచ్చిందా అన్న సంగతులు బస్సు టైముల్లా షెడ్డంతా మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. ఇన్నేళ్ళూ ఒక్కొక్కరూ ఒంటరిగా మోసిన బాధ ఇంత నవ్వొచ్చే సంగతని వాళ్ళకే తెలియదు.

నజీరా కూడా నవ్వింది. కానీ నవ్వినప్పుడల్లా బొడ్డు కింద గట్టిగా ఏదో పట్టేసేది.

ఆ రాత్రి భర్త బుడాన్ వడ్డించిన కంచం ముందు కూర్చుని మెతుకులు కెలికింది. బుడాన్ తాపీ మేస్త్రి. చేతుల మీద సిమెంటు తెల్లగా ఎండిపోయి ఉంది. సీజన్లో ఆవిడ ఇంటికొచ్చేసరికి పొద్దుపోతుంది గనక వంట అతనే చేస్తాడు.

"ఉప్పెక్కువైందా?"

"కాదయ్యా. కడుపులో సిమెంటు పోసినట్టుంది."

బుడాన్ లేచి వెళ్ళి గూట్లోంచి రెండు చక్రకేళీలు తెచ్చి ఆవిడ పక్కన పెట్టాడు. "ఆ పొడి మానెయ్యి. ఆ పిల్లకి పని కావాలంటే నా మీద చెయ్యమను. నేను గోడ కడతా దాంతో."

"ఊరుకో. పాపం పిల్ల రోజూ రెండు బస్సులు మారి వస్తంది. నా ఒక్కదానికే పడలేదంటే దాని మనసు పాడవుద్ది." అరటిపండు తొక్క తీసి, సగం తిని, మిగతా సగం అతని నోట్లో పెట్టింది. "రేపటికి సర్దుకుంటదిలే."

మర్నాడు సర్దుకోలేదు. పది దాటాక ఎండ రేకుల మీదికెక్కింది. కాయలు గలగలా ఎండి, తాకితే చాలు ఘాటు లేస్తోంది. నజీరా గంప ఎత్తబోయి మధ్యలో ఆగిపోయింది. పొట్టలో పేగులన్నీ ఎవరో ముడేసి లాగినట్టయింది. గంప జారి కాయలు నేలంతా చెల్లాచెదరయ్యాయి. ఆవిడ గోడకి చేరగిలబడి, మోకాళ్ళు పొట్టకి అదుముకుని కూర్చుండిపోయింది. వెంకటరావమ్మ కేకేసింది. శ్రీరమ్య పరుగెత్తుకొచ్చింది.

ఇద్దరూ పట్టుకుని నజీరాని షెడ్డు బయట వరండాలోకి తీసుకుపోయారు. శ్రీరమ్య ఆవిడ పొట్ట మీద చెయ్యి వేసి నొక్కి చూసింది.

"నా వల్లే అక్కా. పొట్టు నీళ్ళు లేకపోతే లోపల గట్టిపడిపోద్ది. మీరు రెండు గ్లాసులూ తాగుతున్నారా?"

నజీరా కళ్ళు మూసుకుంది.

శ్రీరమ్య వరండా చివరనున్న మంచినీళ్ళ బిందె దగ్గరికి పోయి మూత తీసింది. పొద్దున తను వచ్చేటప్పటికి జక్రయ్య బోరు కింద పెట్టి నింపుతున్నాడు. ఇప్పుడు పదకొండు కావస్తోంది. ఇంతమంది ఆడవాళ్ళు ఇంత వేడిలో కూర్చుని పని చేస్తున్నారు. బిందె అంచుదాకా అట్టాగే ఉంది. గ్లాసు బోర్లించి ఉంది, దాని మీద దుమ్ము.

"అక్కా, ఎందుకు తాగట్లా?"

"తాగితే ఎక్కడికి పోవాల?" అంది నజీరా, కళ్ళు తెరవకుండానే. "వెనకాల తుమ్మచెట్ల దాకా పోవాలి. అటు లారీల వాళ్ళుంటారు. ఈ చేతులు చూడు. ఈ మిరప చేతులతో చీర ఎత్తుకుని కూర్చుంటే ఏమవుద్దో నీకేం తెలుసు. ఒకసారి మండితే రెండు రోజులు మండుద్ది. అందుకని పొద్దున తాగం. తాగకపోతే అవసరం రాదు."

శ్రీరమ్య భుజానికున్న సంచిలో చెయ్యిపెట్టి ప్లాస్టిక్ సీసా బయటికి తీసింది. ఇంటి దగ్గర పొద్దున నింపుకున్న నీళ్ళు. మూత కూడా తియ్యలేదు. ఆ సీసాని తనే మొదటిసారి చూస్తున్నట్టు చూసింది.

"నేనూ తాగట్లేదక్కా," అంది నెమ్మదిగా. "వచ్చినకాడ్నుంచీ. సాయంత్రం ఇంటికి పోయాకే. ఎందుకని నన్ను నేను అడగను కూడా అడగలా."

నజీరా కళ్ళు తెరిచి బిందెనీ సీసానీ చూసింది. ముందు మూతి బిగించుకుంది. తర్వాత, అంత నొప్పిలోనూ, నవ్వు తన్నుకొచ్చింది. "ఓసి నీ చదువు తగలెయ్య," అంది పొట్ట పట్టుకుని. "నువ్వూ మా ముఠాలో దానివేనా!" శ్రీరమ్య నవ్వింది, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. ఆ సీసాలో నీళ్ళు ఇద్దరూ చెరిసగం తాగారు. మళ్ళీ నింపుకొచ్చి నజీరా చేత కొంచెం కొంచెంగా తాగించింది. మధ్యాహ్నం ఆటోలో ప్రత్తిపాడు డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. డాక్టరు నొప్పి తగ్గే మందిచ్చి, నీళ్ళు తాగమనీ, ఆ పొట్టు రెండు రోజులు ఆపమనీ చెప్పాడు.

సాయంత్రం తిరిగొచ్చాక శ్రీరమ్య నేరుగా ఆఫీసు గదిలోకి పోయింది. నజీరా గుమ్మం పక్కన నిలబడింది. ఆఫీసు వెనక గోడకి ఆనుకుని ఒక చిన్న గది ఉంది. దాని తలుపుకి పెద్ద తాళం. అది బాత్రూమనీ, కాయ కొనడానికొచ్చే పెద్దమనుషుల కోసమనీ అందరికీ తెలుసు.

నాగేంద్రబాబు చెడ్డమనిషి కాడు. పండక్కి చీరలు పెడతాడు, ఎవరికైనా జ్వరం వస్తే ఆటో మాట్లాడతాడు. శ్రీరమ్య చెప్పిందంతా తల ఊపుతూ విన్నాడు.

"నిజమేనమ్మా, చూడాల్సిందే. ఈ సీజన్ అయిపోనీ. అయినా ఇన్నేళ్ళలో వీళ్ళు ఒక్కసారి కూడా నన్ను అడగలేదే?"

బయట నిలబడ్డ నజీరాకి ఆ మాట తగిలింది. కోపం రాలేదు. నిజమే గదా అనిపించింది. పండక్కి చీర రంగు బాగోలేదని మార్పించుకున్నారు. ఆటో ఆలస్యమవుతోందని గొడవ పెట్టుకున్నారు. ఇది మాత్రం అడగలేదు. ఏ మాటలతో అడుగుతారు? ఆ మాట పైకి అనడం కంటే రోజంతా దాహంతో కూర్చోవడమే తేలిక అనిపించింది ఇన్నేళ్ళూ.

ఇంటికెళ్ళే ఆటోలో ఆడవాళ్ళంతా ఒకరి మీద ఒకరు కూర్చుని ఉండగా నజీరా అంది: "రేపు పొద్దున అందరం నీళ్ళు తాగుదాం."

"తాగి?"

"తాగి కూర్చుందాం. వచ్చినప్పుడు లేద్దాం."

మౌలాబీ చీకట్లో కీచుగా నవ్వింది. "నాకైతే రెండు గ్లాసులు చాలమ్మాయ్. నాది పాత కుళాయి."

మర్నాడు పొద్దున జక్రయ్య బిందె నింపి పెట్టి ఇటు తిరిగాడో లేదో ఖాళీ అయింది. మళ్ళీ నింపాడు. మళ్ళీ ఖాళీ. "ఏందివాళ ఉప్పుచేపలు తిని వచ్చారా అందరూ?" అని గొణుక్కుంటూ మూడోసారి బోరు దగ్గరికి పోయాడు. ఆడవాళ్ళు వరసగా నిలబడి, తలలు వెనక్కి వంచి, గటగటా తాగారు. కొందరు పొలమారి దగ్గారు. శ్రీరమ్య కూడా వరసలో నిలబడింది. ఆ ఘాటులో గొంతులోంచి దిగే చల్లటి నీళ్ళ రుచి నజీరాకి కొత్తగా ఉంది.

తర్వాత అందరూ ఎప్పట్లాగే కూర్చుని ముచ్చికలు ఒలిచారు. ఎప్పట్లా మాటలు లేవు. ఒకళ్ళనొకళ్ళు ఓరగా చూసుకోవడం, పెదాలు కొరుక్కోవడం. కాసేపటికి వెంకటరావమ్మ ఆ కాలి మీదనుంచి ఈ కాలి మీదికి బరువు మార్చుకుంది. ఇంకాసేపటికి మౌలాబీ, "నా వల్ల కాదు," అని లేచింది.

"పద," అంది నజీరా.

షెడ్డంతా లేచింది. ఆఫీసు ముందు అప్పుడే జీపు దిగిన ముగ్గురు కొనుగోలుదార్లు కుర్చీల్లో కూర్చుని నమూనా కాయలు విరిచి చూస్తున్నారు. నాగేంద్రబాబు వాళ్ళకి రంగు గురించి చెబుతున్నాడు. ముఖాలకి గుడ్డలు కట్టుకున్న ఆడవాళ్ళు బారుగా వచ్చి ఎదురుగా నిలబడేసరికి మాట మధ్యలో ఆపేశాడు.

నజీరా గుడ్డ కిందికి లాగింది. ఒళ్ళంతా బిగబట్టుకుని ఉంది. గౌరవంగా నాలుగు మాటలు చెబుదామని దారంతా కూడబలుక్కుంది గానీ ఒక్కటీ గుర్తు రాలేదు.

"బాబుగారూ, ఇన్నేళ్ళూ అడగలా. ఇప్పుడు అడుగుతున్నాం. పాసుకెళ్ళాలి. ఆ బాత్రూం తాళంచెవి ఇప్పించండి. తొందరగా ఇప్పించండి."

నాగేంద్రబాబు కొనుగోలుదార్ల వంక చూశాడు. వాళ్ళు చేతుల్లోని మిరపకాయలు చూసుకున్నారు. "జక్రయ్యా! తాళంచెవి!" అన్నాడు.

జక్రయ్య బల్ల సొరుగు లాగాడు. గుత్తి తీశాడు. పరుగున పోయి ఒక్కొక్కటే దూర్చి చూశాడు. ఏదీ తిరగలేదు. "బాబుగారూ, దీన్ది మీ దగ్గర లేదా?"

"నా దగ్గరెందుకుంటుంది? నీ దగ్గరే గదా."

"నేనెప్పుడూ తియ్యలేదండి."

"పగలగొట్టరా నాయనా!" అంది మౌలాబీ, రెండు కాళ్ళూ మెలేసుకుని.

జక్రయ్య తూకం రాయి తెచ్చి రెండు దెబ్బలు వేశాడు. తాళం ఊడింది. తలుపు బయటికి లాగగానే లోపలినుంచి పాత గోనెసంచులు కట్టలు కట్టలుగా అతని మీద పడ్డాయి. ఆ వెనక విరిగిన ఫ్యాను, తుప్పుపట్టిన కాటా, పై కప్పుదాకా మళ్ళీ సంచులు. ఎక్కడో అడుగున తెల్లటి బేసిన్ అంచు మాత్రం కొంచెం కనపడుతోంది.

అందరూ నోళ్ళు తెరుచుకుని చూశారు. నాగేంద్రబాబు కూడా.

"అయితే బాబుగారూ," అంది వెంకటరావమ్మ, "మీరెక్కడికి పోతన్నారు ఇన్నాళ్ళూ?"

నాగేంద్రబాబు చెయ్యి నెమ్మదిగా లేచి తుమ్మచెట్ల వైపు చూపించింది.

ముందు ఎవరు నవ్వారో తెలియదు. కొనుగోలుదార్లలో ముసలాయనే అయ్యుంటాడు. అంతే. గోడౌను దద్దరిల్లింది. నవ్వితే ఇంకోటి ఆగేట్టు లేదు. "నవ్వించొద్దురా దేవుడా!" అని కేకలు పెడుతూ ఆడవాళ్ళు షెడ్డు వెనక్కి పరిగెత్తారు. కాయలు ఆరబోసే పట్టాలు రెండు లాగి, స్తంభాలకీ గోడకీ కట్టి చాటు చేశారు. ఒకరు పట్టా పట్టుకున్నారు, ఒకరు చెంబుతో చేతుల మీద నీళ్ళు పోశారు, ఒకరు కాపలా. లారీ డ్రైవరొకడు అటు రాబోతే మౌలాబీ విరిగిన గంప విసిరింది. శ్రీరమ్య వంతు వచ్చినప్పుడు బయట అందరూ చప్పట్లు కొట్టారు. ఆ పిల్ల సిగ్గుతో చచ్చిపోతూనే పకపకా నవ్వింది.

తిరిగి వచ్చేసరికి నాగేంద్రబాబు చొక్కా చేతులు మడిచి, గోనెసంచుల కట్టలు తనే బయటికి లాగుతున్నాడు. ముసలి కొనుగోలుదారు ఫ్యాను రెక్కలు మోస్తున్నాడు. "మా కోడళ్ళు ఇక్కడుంటే నా చెవులు మెలేసేవాళ్ళు," అంటున్నాడాయన. నాగేంద్రబాబు నజీరాని చూసి తల దించుకుని, "మీ ఆయన తాపీ మేస్త్రి గదమ్మా. రేపు ఒకసారి రమ్మంటావా?" అన్నాడు.

"రమ్మంటా. ఒకటి చాలదు బాబుగారూ. ఇంతమందికి పక్కన ఇంకోటి కట్టాలి. చేతులు కడుక్కోడానికి కుళాయి కావాలి. అది ముందు."

"అట్టాగే."

బుడాన్ మర్నాడు వచ్చాడు. గొట్టాలు బిగించాడు, పాత బేసిన్ తోమాడు, పక్కనే ఇటుకలతో ఇంకో గది లేపాడు. భార్య పని చేసే చోటు లోపలికి అతను రావడం అదే మొదలు. ఆడవాళ్ళంతా అతన్ని ఆటపట్టించి పెట్టారు. "బావా, తలుపు ఎత్తుగా పెట్టు, నజీరా తలకాయ బయటికి కనపడుద్ది," అని ఒకరు. "బావా, కిటికీ వైపు గూడు పెట్టు, పొట్లాలు దాచుకోవాలి," అని ఒకరు. అతను నోరెత్తకుండా తాపీ ఆడించాడు. పని పూర్తయిన సాయంత్రం కుళాయి తిప్పి, మొదటి నీళ్ళు నజీరా చేతుల మీద పడేట్టు పట్టాడు.

పొట్టు ఆపమన్న రెండు రోజులూ దాటాక నజీరా డాక్టరునడిగి పొట్టు మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి పెద్ద గ్లాసులో కలిపి, ఉబ్బకముందే గటగటా తాగి, పైన ఇంకో గ్లాసు. ఒకరోజు ఏమీ లేదు. ఆ మర్నాడు తెల్లారగట్ల బుడాన్ పళ్ళు తోముకుంటూ ఉండగా దొడ్డి వైపు నుంచి నజీరా వచ్చింది. ముఖం కడిగిన గిన్నెలా మెరుస్తోంది.

"ఏమైంది?"

"అయింది. అదే. ఏ బాధా లేకుండా, వెన్న జారినట్టు." చేతులు చాపి గాలిలో తేలుతున్నట్టు ఒక చుట్టు తిరిగింది. "ఒళ్ళు సగం బరువు తగ్గిందయ్యా!" పొయ్యి మీద టీ పొంగిపోయింది. ఇద్దరూ దాన్ని పట్టించుకోలేదు.

గోడౌన్లో చెప్పింది. చెప్పకుండా ఎట్టా ఉంటుంది. తెల్లదారం వాళ్ళంతా తమదీ అదే సంగతన్నారు. మెంతుల వాళ్ళకి కూడా మెత్తబడింది గానీ అంత చక్కగా కాదు. ఎర్రదారం వాళ్ళు నెమ్మదిగా, రోజూ ఒకే వేళకి. వెంకటరావమ్మ మాత్రం పోటీకి రానని ఒట్టేసింది. "నాకు అవుద్దా కాదా అన్నది కాదు. నా పొట్లం మార్చితే ఊరుకోను. నా సన్నాయి నాకు కావాలి."

శ్రీరమ్య అన్నం తింటూ మధ్యలో ఆగి ఆలోచనలో పడింది. "మొన్నటిదాకా ఉన్న లెక్క ప్రకారం అన్నిట్లోకీ పనికిమాలింది ఇసబ్‌గోలే అక్కా. అదే రాసిచ్చేదాన్ని. ఇప్పుడు చూస్తే మీకు అదే మేలు. మా మేడంకి ఫోను చేసి చెప్పా. నాలుగు పీచుల సంగతి రాయాలంటే ముందు నీళ్ళ సంగతి రాయమంది. ఇంకో నెల ఉండమంది."

"ఉండు. నీకేం తొందర? పెళ్ళి సంబంధమేదన్నా చూశారా?"

"లేదక్కా!"

"అయితే ఉండు."

ఆ నెల కూడా గడిచింది. ఎండలు ముదిరాయి. శ్రీరమ్యకి గోడౌన్లో చివరి రోజు. మధ్యాహ్నం ఆ పిల్ల ఒక ఆటో నిండా పుచ్చకాయలు తెచ్చి గేటు ముందు దించింది. నల్లగా నున్నగా ఉన్న కాయలు. ఎవరూ వెంటనే ముట్టుకోలేదు. సీజన్లో పనిలో ఉండగా పుచ్చకాయ తినడమంటే ఇన్నేళ్ళూ ఊహకి కూడా రాని సంగతి. మౌలాబీ ముందుగా ఒక కాయని చెవి దగ్గర పెట్టుకుని తట్టి చూసి, నేలకేసి కొట్టింది. ఎర్రగా పగిలింది. ఇక ఆగలేదు. కత్తులతో కొందరు, వేళ్ళతో కొందరు. మోచేతుల దాకా రసం కారింది. జక్రయ్య కూడా ఒక ముక్క పట్టుకుని గోడ పక్కన నిలబడి గింజలు ఊశాడు. నాగేంద్రబాబు ఆఫీసులోంచి వచ్చి చెయ్యి చాపితే వెంకటరావమ్మ పెద్ద చెక్కే పెట్టింది.

నజీరా తన ముక్క తింది. ఇంకోటి తింది. బుడాన్ కోసమని ఒకటి పక్కన పెట్టి, కాసేపటికి అదీ తినేసింది. తర్వాత అందరితో పాటు తన చోటుకి పోయి కూర్చుంది. గుడ్డ ముఖానికి కట్టుకుని, కాయలు దగ్గరికి లాక్కుని, ముచ్చికలు ఒలవడం మొదలుపెట్టింది. శ్రీరమ్య పక్కనే గొంతుకూర్చుని తనకి చేతకాకపోయినా నాలుగు కాయలు ఒలిచి ఇస్తోంది. వెంకటరావమ్మ ఏదో పాత గొడవ చెబుతోంది. అందరూ వింటున్నారు.

మధ్యలో నజీరా లేచింది. ఒళ్ళో ముచ్చికలు దులుపుకుంది. కుళాయి దగ్గర ఆగి, సబ్బుతో చేతులు మోచేతుల దాకా రుద్ది కడుక్కుంది. ఎండ తెల్లగా కాస్తున్న వాకిలి దాటి, ఆఫీసు ముందునుంచి, టిక్కీలు మోస్తున్న హమాలీల పక్కనుంచి, బుడాన్ కట్టిన తలుపు దాకా తొందర లేకుండా నడిచింది.

ఎవరూ తలెత్తి చూడలేదు.